తక్కెడలో ఉలి

కాంస్యపురంలో తులామండపం తలుపులు ఏడాదికి ఒక్క రోజే తెరుస్తారు. ఆ రోజు ఏడు రాజ్యాల వర్తకులు, సామంతులు, కొనే తాహతు లేకపోయినా కళ్లారా చూసి పోదామనుకునే జనం తెల్లవారుతూనే వాకిట బారులు తీరుతారు. తలుపులు తెరుచుకున్నాక లోపలికి మొదటి అడుగు వేసినవాడు అక్కడే కొయ్యబారిపోతాడు. వెనక ఉన్నవాడు తోస్తే గాని కదలడు.

కదలడు మరి! అరవై నాలుగు స్తంభాల ఆ మండపంలో నేలంతా నల్లని గీటురాయి. కప్పు నడుమ గుండ్రని గవాక్షంలోంచి దిగిన ఎండ కంచు ఏనుగుల కుంభస్థలాల మీద పడి చెదిరి, వాటికి తొడిగిన అసలు దంతాల మీద వెన్నెలలా నిలుస్తోంది. పంచలోహపు నర్తకికి నడుము గంధపు చెక్క, పెదవులు పగడం. నల్లరాతి గుర్రానికి రాగి జూలు. ఇత్తడి నెమలి పింఛంలో వేయి నీలాలు. ఒక మూల వెండి కళ్ల సింహం పంజా ఎత్తి, ఇప్పుడో ఇంకాసేపట్లోనో గర్జించేలా ఉంది.

ఈ వైభవం నడుమ ఒక బొమ్మ దగ్గర ఆగి, ఇంకో బొమ్మ దగ్గర వంగి, వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించి మురిసిపోతున్నాడు రత్నాల వర్తకుడు మకరంద శెట్టి. పట్టు తలపాగా, చెవులకు వజ్రాల పోగులు, పది వేళ్లకూ పది ఉంగరాలు. వెనకే చెంబు, మూట మోస్తూ నడుస్తున్నాడు సన్నపాటి గుమాస్తా గోపన.

"అయ్యగారూ," అన్నాడు గుమాస్తా పళ్ల బిగువున, "శెట్లు బొమ్మను చూస్తే ధర అడుగుతారు. మడమల కింద దూరి చూడరు."

"అలవాటు చొప్పున వంగానమ్మా, ఏం చేయను? ఆ ఏనుగును చూశారా, ఒక్క పోతలో పోశారు! ఎక్కడా అతుకు లేదు!"

"అమ్మా అనకు! నేను గోపనని. ఇంకోసారి నోరు జారితే ఇద్దరం చెరసాల పాలవుతాం."

నిజమే. ఆ శెట్టి శెట్టి కాడు, ఆ గుమాస్తా మగవాడూ కాడు. శెట్టి వేషంలో ఉన్నవాడు సువర్ణకంధర రాజ్యపు కంచరి యువకుడు సింగన. గుమాస్తా వేషంలో ఉన్నది ఆ రాజ్యపు రాకుమారి కువలయ. ఆమె అన్న జయకేతనుణ్ణి ధూమ్రజటి అనే మాంత్రికుడు కంచు బొమ్మగా మార్చి తన గుహలో దాచాడు. మాంత్రికుడు హోమంలో మునిగి ఉండగా, అతని శిష్యుడొకడు గుహలో ఉన్న బొమ్మలన్నీ బళ్లకెత్తుకుని పోయి కాంస్యపురం వేలానికి అమ్ముకున్నాడు. ఆ సంగతి తెలిసి ఈ ఇద్దరూ నలభై రోజులు అడవులు, నదులు, పాముల లోయలు దాటి వచ్చారు. దారిలో ఒక ముని చెంబెడు జీవజలం ఇచ్చి, "బొమ్మ ఒంట్లో వెచ్చదనం ఉన్నంతసేపే లోపల ప్రాణం ఉంటుంది. అది చల్లారిందా, ఇక ఏ జలమూ పనిచేయదు" అని చెప్పి పంపాడు.

మారువేషం ఎందుకంటే, పరాయి రాజ్యపు కంచరివాణ్ణి తులామండపంలోకి రానివ్వరు. పోత రహస్యాలు కాజేస్తాడని భయం. దొరికితే చెరసాల. పైగా రాకుమారి జాడ మాంత్రికుడికి తెలియకూడదు. అయినా సింగన వచ్చాడు. జయకేతనుడు అతనికి ఏలిన దొర కొడుకే కాదు, ఒకే గోదాలో మట్టి పూసుకుని పెరిగిన నేస్తం.

జేగంట మోగింది. వేలం నడిపే పెద్ద, డెబ్బై ఏళ్ల కంచరి నాగసానమ్మ, మండపం నడుమ ఉన్న తాటిచెట్టంత తక్కెడ పక్కన వచ్చి నిలబడింది. ముసలిదే గాని గొంతు మాత్రం ఆ జేగంటదే.

"కట్టడి తెలిసినవాళ్లకు మళ్లీ చెప్తున్నా, తెలియనివాళ్లకు మొదటిసారి చెప్తున్నా! బొమ్మను ఒక తట్టలో పెట్టి తూకం చెప్తాం. పాటదారు ఇచ్చేది రెండో తట్టలో పడాలి. రేపిస్తాం, ఇంటికెళ్లి పంపిస్తాం అంటే కుదరదు. ఈ గీటురాయి మీద మంత్రం పారదు, మాయ పారదు. అదీ గుర్తుంచుకోండి!"

అందరూ నవ్వారు. వెనకటికి ఒక మాయావి బొగ్గుల్ని బంగారం చేసి మూట కట్టుకుని వచ్చాడట. గడప దాటగానే మూట మసిబారింది. జనం వాడి మొహానికి అవే బొగ్గులు పూసి ఊరేగించారు. ప్రాణమున్న ఒంటికి ముందే పట్టిన మాయను మాత్రం ఆ రాయి కూడా విప్పలేదు.

నర్తకిని ఒక సామంతుడు ఎగరేసుకుపోయాడు. నెమలి కోసం ఇద్దరు బావమరుదులు పోటీపడి, చివరికి మాటలు మానేసుకుని విడిపోయారు. నాలుగో జేగంటకు పనివాళ్లు ఒక విలుకాడి బొమ్మను మోసుకొచ్చారు. దాన్ని చూడగానే కువలయ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది.

అదే నుదురు, అదే కోటేరేసిన ముక్కు, అదే సగం నవ్వు.

తక్కెడ ఊగి ఊగి నిలిచింది. "ఆరు మణుగుల రెండు వీశెలు!" అంది నాగసానమ్మ.

సువర్ణకంధరంలో రాకుమారుడి ప్రతి పుట్టినరోజునా బెల్లంతో తులాభారం తూస్తారు. ఈ ఏడు అన్న ఎత్తు బెల్లాన్ని తన చేతులతో పంచిపెట్టింది ఆమే. ఆరు మణుగుల రెండు వీశెలు, ఒక్క పలుకు అటూ ఇటూ లేదు. మాయ రూపాన్ని మారుస్తుంది గాని తూకాన్ని మార్చలేదని ముని కూడా చెప్పాడు.

"ఇదే! పాట పాడు!" అంది కువలయ సింగన మోచేయి గిల్లుతూ.

సింగన బొమ్మ దగ్గరికి వెళ్లి, ఉంగరం జారిపోయినట్టు నటించి కిందికి వంగాడు. ఎడమ మడమ అడుగున, రేగుపండంత చోట, ఆకురాయితో అరగదీసిన గరుకు తగిలింది. కరిగిన కంచును మూసలోకి పోసే నాళాన్ని నరికేసిన చోట మిగిలే మచ్చ అది. ఎంత గొప్ప పనివాడైనా దాన్ని పూర్తిగా చెరపలేడు. పోసిన బొమ్మకు ఆ మచ్చ ఉంటుంది. బొమ్మగా మారిన మనిషికి ఉండదు.

కుడి మోచేతి దగ్గర ఒక రాగి పట్టీ కూడా కనిపించింది. చేతులు విడిగా పోసి అతకడం కంచరివాళ్లకు రోజూ ఉండే పనే గనక, సింగన దాని వైపు రెండోసారి చూడలేదు. కంచరివాడు కాని మనిషెవడైనా ఇదేమిటని అడిగి ఉండేవాడు. ఆ ఒక్క చూపు తక్కువైనందుకు అతను ఎంత అనుభవించబోతున్నాడో!

"ఇది అన్నగారు కాదు. పోత బొమ్మ," అన్నాడు వెనక్కి వచ్చి.

"ఇంత బొమ్మ కంచుతో పోస్తే ఆరు మణుగులే తూగుతుందా? నన్ను వెర్రిదాన్ని చేస్తున్నావా?"

"రేకంత పలచగా పోస్తే తూగుతుంది. ఎవరో తులాభారం తూకం తెలిసినవాడే కావాలని సరిపెట్టి పోశాడు. నా మాట నమ్మండి."

"నేను ఆజ్ఞాపిస్తున్నాను, సింగనా. పాడు!"

సింగన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిండు సభలో అతను శెట్టి, ఆమె గుమాస్తా. గుమాస్తా పాట పాడితే ఎవరూ ఒప్పుకోరు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంతో అతని వీపు మీద చెంబుతో ఒక్కటి పొడిచింది కూడా.

ఈలోగా ఒక అత్తరు వర్తకుడు ముందుకొచ్చి రెండు బంగారు సంచులు తట్టలో పెట్టాడు. బొద్దు మనిషి, ఒంటినిండా మల్లె అత్తరు. ఎవరూ ఎదురు పాడలేదు. బొమ్మ అతనిదైంది. అతను పక్కనుంచి వెళ్తుంటే సింగన ముక్కుపుటాలు అదిరాయి. అంత అత్తరు కిందనుంచి కూడా కమురు వాసన కొట్టింది. పగలంతా కొలిమి దగ్గర గడిపేవాడికి పొగ వాసన ఏ పొగదో తెలుస్తుంది. ఇది శ్మశానపు పొగ.

"రాకుమారీ," అన్నాడు గుసగుసగా, "ధూమ్రజటి మన పక్కనే ఉన్నాడు."

కువలయ కోపం ఎటు పోయిందో పోయింది. ఐదో జేగంట మోగింది.

ఈసారి వచ్చిన బొమ్మది కూడా అదే మొహం. కాని విల్లు లేదు. కుడి చెయ్యి మోచేతి నుంచి కిందికి కంచు కాదు, గంధపు చెక్క. తక్కెడ తేలిగ్గా లేచింది.

"ఆరు మణుగుల వీశెన్నర!"

అర వీశె తక్కువ. సింగన ఈసారి ఉంగరం పారేసుకునే నటన కూడా చేయలేదు, నేరుగా మోకాళ్ల మీద పడ్డాడు. రెండు పాదాలూ తడిమాడు. ఎక్కడా గరుకు లేదు. మడమల మీద మనిషి చర్మానికుండే సన్నని పగుళ్లు కంచులో కూడా అలాగే ఉన్నాయి. ఛాతీ మీద అరచెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. అప్పుడే కాచి దించిన పాలగిన్నెలా వెచ్చగా!

అతనికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఉన్నాడు. లోపలే ఉన్నాడు!" అన్నాడు.

కువలయ మూట విప్పి తల్లి కాసుల దండ తట్టలో వేసింది. అత్తరు వర్తకుడు మూడు సంచులు వేశాడు. ఆమె వజ్రాల వడ్డాణం వేసింది. అతను ఇంకో ఐదు వేశాడు. సింగన ఉంగరాలు పదీ, చెవి పోగులూ, తలపాగా తురాయీ వెళ్లిపోయాయి. వర్తకుడు చిరునవ్వుతో కోడిగుడ్డంత కెంపు తీసి పైన పెట్టాడు. మూట అడుగున ఒక్క ముత్యం మిగిలింది. కువలయ దాన్ని కూడా వేసింది. వర్తకుడు ఫక్కున నవ్వాడు.

"ఈ బొమ్మతో ఏం చేసుకుంటావయ్యా?" అని ఎవరో అడిగారు.

"కరిగించి ఘంట పోయిస్తాను. ఇవాళే!"

"ఒకటోసారి!" అంది నాగసానమ్మ. "రెండోసారి!"

ఠంగుమని ఒక చప్పుడైంది.

తట్టలో, బంగారం మీద, పిడి నల్లబడిన ఒక పాత ఉలి పడింది.

నాగసానమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఎవరిదిరా ఈ ఉలి?"

"నాదే పెద్దమ్మా. మా తాతది, తర్వాత మా నాయనది, ఇప్పుడు నాది."

"శెట్టివి కదా నువ్వు?"

"శెట్టినీ కాను, గిట్టినీ కాను. సువర్ణకంధరం కంచరి వీరన కొడుకుని. నా పేరు సింగన."

భటులు కత్తులు దూశారు. నాగసానమ్మ చెయ్యెత్తింది. "ఆగండి! ఉలి తక్కెడలో పడ్డాక కంచరివాణ్ణి ముట్టుకునే హక్కు ఎవరికీ లేదు. ఉలి మీద బంగారం పాడే హక్కు కూడా లేదు. ఈ ఊరు కట్టిన మా పెద్దలు పెట్టిన కట్టడి ఇది. నలభై ఏళ్లుగా ఒక్కడూ వేయలేదు." అతని వైపు తిరిగింది. "ఒరే అబ్బాయ్, పన్నెండేళ్లు ఈ ఊరి కొలిమిలో పని చేయాలి. ఈలోగా కోట గుమ్మం దాటి అడుగు బయట పెట్టావా, ఉలి పట్టిన ఆ చెయ్యి నరికేస్తారు. తెలిసే వేశావా?"

"తెలిసే వేశాను. మా తాత చెప్పేవాడు."

"మూడోసారి! బొమ్మ ఉలిదే!"

జనం అరుపులకు కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. కువలయ మాత్రం అతని చొక్కా పట్టుకుని కుదిపేసింది. "నీకు మతిపోయిందా? పన్నెండేళ్లురా! నేను నీ మాట వినలేదన్న కసితో చేశావా ఏమిటి?"

"కసి కాదు. ఇంకేం మిగిలింది నా దగ్గర వేయడానికి? ముందు అన్నగారిని బయటికి మోయించండి. ఈ నేల మీద జీవజలం కూడా పనిచేయదు."

నలుగురు పనివాళ్లు బొమ్మను గడప దాటించి మెట్ల మీద నిలబెట్టారు. కువలయ చెంబు మూత తీసి అన్న తల మీద సగం జలం పోసింది. నుదుటి కంచు మంచులా కరిగింది. బుగ్గలకు రంగు వచ్చింది. రెప్పలు అదిరాయి. మెడ, భుజాలు, ఛాతీ... రంగు కుడి మోచేతిదాకా జరజరా పాకి, గంధపు చెక్క మొదలైన చోట టక్కున ఆగిపోయింది.

జయకేతనుడు కళ్లు తెరిచాడు. "చెల్లీ," అన్నాడు. "నా చెయ్యి..."

అంతే. పాకినంత వేగంగానే రంగు వెనక్కి తిరిగింది. తెరిచిన కళ్లు తెరిచినట్టే కంచైపోయాయి.

మెట్ల కింద పకపకా నవ్వు వినిపించింది. అత్తరు వర్తకుడి బొజ్జ, బుగ్గలు కరిగి కారిపోతున్నాయి. లోపలినుంచి పొగ జడల ధూమ్రజటి నిటారుగా లేచాడు. పక్కనే విలుకాడి బొమ్మ ఉంది. దాని కుడి మోచేతి రాగి పట్టీని మెలితిప్పి, ఆ చేతిని ఊడబెరికి గాల్లో ఎత్తి చూపించాడు. బొటనవేలి మొదట్లో సువర్ణకంధర రాజవంశపు శంఖం గుర్తు ఎండలో మెరిసింది.

"దీనికోసమేనా?" అన్నాడు. "మనిషిని రెండు చోట్ల దాస్తే ఏ జలమూ పారదని మీ ముని చెప్పలేదా? శెట్టీ! చేతిలోకి వచ్చిన చేతిని రెండు సంచులకు నాకు వదిలేశావు!"

సింగన ఆ పట్టీని గుర్తుపట్టాడు. రాగి పట్టీ! చూశాడు. చూసి కూడా, మామూలు అతుకే కదా అని వదిలేశాడు. పసిపిల్లవాడు కూడా అడిగే ప్రశ్న తనకు తట్టలేదు. సిగ్గుతో తల పగలగొట్టుకోవాలనిపించింది, కాని అందుకు వ్యవధి దొరకలేదు. మాంత్రికుడు ఊదిన ఊపిరికి విలుకాడి బొమ్మ కిర్రుమంటూ కదిలింది. మిగిలిన ఎడమ చేత్తో విల్లు ఎత్తి, పళ్లతో నారి లాగింది.

మొదటి బాణం కువలయ తలపాగాను ఎగరేసుకుపోయింది. నల్లని జుట్టు నడుం దాకా జారింది. "అయ్యో, ఆడపిల్ల!" అంటూ జనం చెల్లాచెదరయ్యారు. రెండో బాణం స్తంభంలో దిగబడి నిప్పులు రాల్చింది. మూడోదాన్ని బొమ్మ జయకేతనుడి ఛాతీకే గురి పెట్టింది. కువలయ రెండు చేతులూ చాచి అన్నకు అడ్డం నిలబడింది.

సింగన పక్కనున్న పనివాడి చేతిలోంచి సమ్మెట లాక్కున్నాడు. మెట్ల మీదనుంచి దొర్లుకుంటూ వెళ్లి బొమ్మ కాళ్ల సందున పడ్డాడు. కంచు పాదం అతని భుజం మీద దిగింది. ఎముక కలుక్కుమంది. పళ్లు బిగించి పక్కకు తిరిగి, ఎడమ మడమ కింద, రేగుపండంత గరుకు మీద, ఉన్న బలమంతా పెట్టి ఒక్క దెబ్బ వేశాడు.

కుండ పగిలినట్టు చప్పుడు. మడమ నుంచి పిక్కకు, పిక్క నుంచి తొడకు, తొడ నుంచి తలకు బీట పాకింది. రేకంత పలచని విలుకాడు ముక్కలు ముక్కలై మెట్ల మీద గలగలా రాలిపోయాడు. నారి మీది బాణం దిక్కు తప్పి ఆకాశంలోకి పోయింది.

సింగన లేచేసరికి ధూమ్రజటి లేడు. కోటగోడ మీదుగా, ఏనుగంత రాబందు ఒకటి రెక్కలు కొడుతూ తూర్పు దిక్కున పొగలు కక్కే ధూమ్రశైలం వైపు పోతోంది. దాని వీపు మీద జడలు, జడల నడుమ కంచు చెయ్యి కనిపించాయి.

కువలయ అన్న ఛాతీ తాకి కెవ్వుమంది. "సింగనా! చల్లబడుతున్నాడు!"

"కొలిమికి పట్టండి!" అరిచింది నాగసానమ్మ మెట్లు దిగుతూ. "కోట గుమ్మం పక్కదానికి! ఊక పోయండి, బొగ్గు వద్దు!"

ఎనిమిది మంది బొమ్మను ఎత్తుకుని పరిగెత్తారు. సింగన ఒక చేత్తోనే గుంట తవ్వి, ఊక నింపి, నిప్పు రాజేసి, తిత్తి అందుకున్నాడు. మెల్లగా ఊదాడు. ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాడు. మళ్లీ ఊదాడు. పాలగిన్నె వెచ్చదనం తిరిగి వచ్చింది.

"ఇలాగే ఉంచాలి," అన్నాడు. "సెగ ఒక్క పిసరు ఎక్కువైతే లోపల కమిలిపోతాడు, తక్కువైతే పోతాడు. ఈ తిత్తిని ఇంకొకరి చేతికి ఇవ్వలేను."

నాగసానమ్మ తలాడించింది. బయట కువలయ కోసం తన గుర్రానికి జీను వేయించి సిద్ధంగా ఉంచింది. కువలయ సగం జలం ఉన్న చెంబును నడుముకు కట్టుకుంది, ముక్కలైన విలుకాడి విల్లునూ అమ్ములపొదినీ భుజాన వేసుకుంది. గుర్రం ఎక్కబోయి ఆగి, కొలిమి వాకిట్లోకి వచ్చింది. అక్కడికి పది అడుగుల్లో కోట గుమ్మం. గుమ్మానికి ఇటు అతను, అటు ధూమ్రశైలం.

"పొద్దున నీ మాట వినలేదు. చెంబుతో పొడిచాను కూడా," అంది. "క్షమించు."

"ఆ రాగి పట్టీ గురించి మీరు నన్ను క్షమించండి. లెక్క సరిపోతుంది."

"శైలానికి పోయి రావడానికి ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. నిద్ర లేకుండా ఎన్నాళ్లు ఊదగలవు?"

సింగన తిత్తి మీదనుంచి చూపు ఎత్తలేదు. "మీరొచ్చేదాకా," అన్నాడు.

కువలయ బయటికి పరిగెత్తింది. గుర్రం మీదికి ఎగిరి కూర్చుని మడమలతో పొడిచింది. గుమ్మం దాటి, వంతెన దాటి, తూర్పు బాట పట్టింది. దూరాన ఆకాశంలో నల్లని చుక్కలా పోతున్న రాబందు ఒక్కసారి గిర్రున వెనక్కి తిరిగి, ఆమె వస్తున్న బాట మీదికి దిగసాగింది. కువలయ కళ్లెం వదిలి విల్లు ఎత్తింది. ఆమె వెనక, కోటగోడ మీదుగా, ఊక పొగ సన్నగా, ఆగకుండా లేస్తోంది.